తడి ఆరిన పన్ను

హెడ్‌మిస్ట్రెస్ అబద్ధం ఆడదు. ఆ సంగతి ఆవిడ గుంజీలు తీయించిన వాళ్లందరికీ తెలుసు. ఆవిడ సాక్ష్యం రాసుకున్న ఇన్‌స్పెక్టర్‌కీ తెలుసు. అందుకే ఆ శనివారం పొద్దున ఆవిడ గుమ్మం ఎక్కడానికి డిటెక్టివ్ నిదానానికి కాళ్లు ముందుకు పడలేదు. అబద్ధాలకోరు నోటి నుంచి నిజం రాబట్టడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. నిజం తప్ప చెప్పని మనిషి తప్పు చెబుతుంటే ఏం చెయ్యాలో, ఇరవై ఏళ్ల డిటెక్టివ్ పనిలో ఎవరూ నేర్పలేదు.

నిదానం అన్నది పోలీసులు పెట్టిన పేరు. ఏ పనికీ తొందరపడడని ఎగతాళిగా పెట్టారు. ఆయన దాన్ని మెచ్చుకోలుగా తీసుకున్నాడు.

కేసు చూస్తే తేటగానే ఉంది. సోమవారం సాయంత్రం పళ్ల డాక్టరు భార్య తన ఇంటి మేడమెట్ల కింద చనిపోయి కనిపించింది. మెడ మీద వేళ్ల గుర్తులున్నాయి కాబట్టి కాలు జారి పడిందనడానికి లేదు. నాలుగూ ఇరవై అయిదుకి దబ్బుమన్న చప్పుడు పక్కింటివాళ్లు విన్నారు. నాలుగూ నలభైకి ఆవిడ తమ్ముడు ఆ ఇంట్లోంచి బయటికి పరుగెత్తడం వీధిలో నలుగురు చూశారు. అక్క పడి ఉంటే సాయం కోసం పరుగెత్తానన్నాడు. ఎవరూ నమ్మలేదు. ఇవాళ సాయంత్రం నాలుగింటికి అతన్ని హంతకుడని కోర్టులో నిలబెట్టబోతున్నారు.

అతని భార్య నిదానం దగ్గరికి వచ్చి ఏడవలేదు. "మా ఆయన వాళ్లక్కని అమ్మా అనే పిలిచేవాడండీ" అంది, అంతే. ఆ మాట నిదానం గుండెల్లో కలుక్కుమంది. కేసు పట్టుకున్నాడు.

ఇక మిగిలింది భర్త, అంటే పెద్ద డాక్టరు. ఆయన ఆ సమయంలో తన ఆసుపత్రిలో హెడ్‌మిస్ట్రెస్ పుచ్చుపన్ను గుంట పూడ్చి కడుతున్నాడు. సాక్షి హెడ్‌మిస్ట్రెస్.

"మూడూ నలభై అయిదుకి కుర్చీలో కూర్చున్నాను. నాలుగూ యాభై అయిదుకి లేచాను" అంది ఆవిడ, కుర్చీలో నిటారుగా కూర్చుని. "గోడ గడియారం, నా చేతి గడియారం రెండూ చూశాను. ఒక్కదాన్నే నమ్మే అలవాటు నాకు లేదు."

"మధ్యలో చూశారా మేడమ్?"

"ఎలా చూస్తాను? లైటు పడకుండా కళ్లకి నల్లద్దాలు పెట్టి, పైన తువ్వాలు కప్పారు."

"ఏమైనా మాట్లాడుకున్నారా?"

"నోటికి రబ్బరు గుడ్డ బిగించి పన్నొక్కటే బయట పెట్టారు. ఇక మాట్లాడటానికి నా దగ్గర ఏం మిగిలింది?"

"డాక్టరుగారు?"

"సూది ఇచ్చేటప్పుడు మాట్లాడారు. అంతా అయ్యాక 'అయిపోయింది మేడమ్' అన్నారు. మధ్యలో నోరు విప్పలేదు. పని చేస్తూ వాగే మనిషి కాదాయన."

"అయితే మధ్యలో ఉన్నది ఆయనేనని మీరు..."

ఆవిడ కళ్లజోడు ముక్కు చివరికి దించి చూసింది. ఆ చూపుకి బల్లలెక్కిన పిల్లలు ఎవరూ చెప్పకుండానే దిగిపోయేవాళ్లట. నిదానం కూడా కుర్చీలో కాస్త సర్దుకున్నాడు.

"చేతులు ఆగలేదు నాయనా. ఒక్క రెండు నిమిషాలు కూడా ఖాళీ లేదు. నా నోట్లో పని చేసిన చేతులు డాక్టరువి కాక వడ్రంగివా?"

నిదానం ఆవిడ ఇచ్చిన టీ అందుకున్నాడు. ఆవిడ తన బిస్కెట్‌ని టీలో ముంచి, మెత్తబడ్డాక ఎడమ దవడకు తోసి నమిలింది. రెండోదీ అంతే.

"కుడివైపు నొప్పి తగ్గలేదా మేడమ్?"

"నొప్పి కాదు, అవమానం! మొన్న గురువారం రొట్టె తింటుంటే ఆ కట్టిన ముక్క ఊడి నాలుక మీదికి వచ్చింది. మూడే మూడు రోజులు! దాని పక్కపన్నుకు ఆరేళ్ల కిందట ఆయనే కట్టారు. అది ఇవాళ్టికీ రాయిలా ఉంది."

నిదానం కప్పు కింద పెట్టాడు. "ఆ ముక్క ఏం చేశారు?"

"దాచాను. చూపించి అడగొద్దూ?"

గుండీల డబ్బాలోంచి కాగితం పొట్లం తీసింది. దాని మీద తేదీ, టైము, ఏ పన్నో, పైదో కిందదో, అన్నీ గుండ్రటి అక్షరాలతో రాసి ఉన్నాయి. ముట్టినట్టు సంతకం పెడితే గాని పొట్లం నిదానం చేతికి రాలేదు.

"మేడమ్, ఒక గంట నాతో రాగలరా? మా వదిన దంతవైద్య కళాశాలలో పాఠాలు చెబుతుంది. ఇది ఆవిడ చూడాలి."

* * *

వదిన ముప్పై ఏళ్లుగా ఒకే సంగతి చెబుతోంది: పంటికి ఏది ఎలా అంటుకుంటుంది, ఎందుకు ఊడుతుంది. నిదానాన్ని చూడగానే నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏం మరిదీ! మీ అన్నయ్య మూడుసార్లు భోజనానికి పిలిస్తే రాలేదు. ఊడిన పన్ను దొరగ్గానే పరుగెత్తుకొచ్చావే!"

"పరుగెత్తలేదు వదినా. నిదానంగానే వచ్చాను."

"అదీ నిజమేలే. నువ్వు పరుగెత్తితే పేపర్లో వేస్తారు."

వేళాకోళం అక్కడితో సరి. వదిన హెడ్‌మిస్ట్రెస్‌ని కుర్చీలో కూర్చోబెట్టి, కంటికి భూతద్దం తగిలించుకుని, చిన్న లైటు వేసి చాలాసేపు చూసింది. తర్వాత పొట్లంలోని ముక్కను మైక్రోస్కోపు కింద పెట్టి ఇంకా ఎక్కువసేపు చూసింది. నిదానం గోడకి ఆనుకుని నిలబడ్డాడు. కాచుకుని ఉండటంలో ఆయన్ని మించినవాడు లేడు.

"ఇలా రా" అంది వదిన ఎట్టకేలకు. "పంటికి రెండు పొరలు. పైన తెల్లగా, గట్టిగా ఉండేది ఎనామిల్. లోపల పసుపుగా ఉండేది డెంటిన్. మనం కట్టేది రెండింటినీ పట్టుకోవాలి. అందుకని ముందు ఆసిడ్ పూస్తాం. ఎనామిల్ మీద కంటికి ఆనని గుంటలు పడతాయి. కడిగి, గాలి కొట్టి బాగా ఎండబెడితే సుద్దముక్కలా తెల్లబడుతుంది. అప్పుడు జిగురు రాస్తే ఆ గుంటల్లోకి దిగి, నీలం లైటు వెయ్యగానే బిగుసుకుంటుంది."

"లోపలి పొరకీ అంతేనా?"

"అంతే అనుకుంటేనే కొంప మునుగుతుంది. డెంటిన్‌లో తడి ఉంటుంది. ఆసిడ్ పూస్తే గట్టి పదార్థం కరిగిపోయి సన్నటి పోగులు బయటపడతాయి. తడి ఉన్నంతసేపే ఆ పోగులు విడివిడిగా నిలబడతాయి. జిగురు వాటి మధ్యలోకి వెళ్లాలి. ఎనామిల్‌కి కొట్టినట్టు గాలి కొట్టావనుకో, పోగులన్నీ పడిపోయి అట్టకట్టేస్తాయి. గిన్నెలు తోమే స్పాంజి ఎండితే ఎలా గిడసబారుతుందో చూశావుగా, అదే వరస. జిగురు పైపైనే ఉండిపోతుంది. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, నాలుగు రోజులు నమిలితే చేతికొస్తుంది."

"ఇక్కడ జరిగింది అదేనా?"

"నువ్వే చూడు. గుంట అంచున, ఎనామిల్ మీద, జిగురు ముక్కలు ఇంకా పట్టుకునే ఉన్నాయి. తెగింది గాని వదల్లేదు. అడుగున డెంటిన్ మీద ఒక్క చిన్న మరక లేదు. ఊడిన ముక్క అడుగు కూడా నున్నగా ఉంది. పోగుల్లోకి దిగి ఉంటే గరుగ్గా ఉండాలి."

"అంటే చేతకానివాడు కట్టాడు."

"కాదు మరిదీ, అక్కడే ఉంది తమాషా. ఆ అంచు ఎంత అందంగా కలిపాడో చూడు. చెయ్యి తిరిగినవాడే. కాకపోతే ఆ చెయ్యి ఎనామిల్ మీదే తిరిగింది. సుద్దలా తెల్లబడేదాకా గాలి ఆపడం దానికి తెలీదు."

"అలాంటివాళ్లు ఎవరుంటారు?"

"క్లిప్పుల డాక్టర్లు. ఎత్తుపళ్లకు క్లిప్పులు అంటిస్తారే, వాళ్లు. పంటి పైముఖానికే కదా అంటించేది, పొద్దస్తమానం వాళ్లకి ఎనామిలే. డెంటిన్ మొహం చూసింది చదువుకున్న రోజుల్లోనే."

పెద్ద డాక్టరు ఆసుపత్రిలో రెండో కుర్చీ ఒక క్లిప్పుల డాక్టరుది.

"పెద్ద డాక్టరు ఏదో ధ్యాసలో ఉండి ఈ తప్పు చేసి ఉండొచ్చా?"

"వాడు నా దగ్గరే చదువుకున్నాడు. డెంటిన్ ఎండబెట్టాడని ఒకసారి వాడి చేత ఇరవై పళ్లు మళ్లీ కట్టించాను. ఇక నిద్రలో కూడా ఎండబెట్టడు. ఆరేళ్ల నుంచి ఉన్న ఆ పక్కపన్ను చూడు, తెలుస్తుంది. కానీ ఇప్పటికిది నా అనుమానమే సుమా. కోర్టులో ఒట్టేసి చెప్పాలంటే ఆ గుంటకి అచ్చు తీసి పెద్ద మైక్రోస్కోపు కింద పెట్టాలి. ఆ గది రెండింటికి గాని తియ్యరు. అప్పటిదాకా ఆ పన్ను జోలికి ఎవర్నీ రానివ్వకు. ఎవడైనా డ్రిల్లు పెట్టాడంటే నీ సాక్ష్యం పొడై ఉమ్ములో పోతుంది."

కుర్చీలోంచి హెడ్‌మిస్ట్రెస్ గొంతు వినిపించింది. ఇంతసేపూ ఆవిడ ప్రతి మాటా వింటూనే ఉంది.

"అయితే నేను తప్పు సాక్ష్యం చెప్పానా?"

"పొరపాటు పడ్డారు మేడమ్. మిమ్మల్ని కావాలని పొరపాటులో పడేశారు."

"నా బళ్లో తప్పు రాసిన జవాబుకి, కాపీ కొట్టిన జవాబుకి ఒకటే మార్కు" అంది ఆవిడ. "నా మాట పట్టుకుని ఒక మనిషిని లోపల పెట్టారు."

ఆవిణ్ణి కారులో ఇంటి దగ్గర దించుతూ, రెండింటికి వస్తాననీ, ఎవరితోనూ ఏమీ అనొద్దనీ నిదానం చెప్పాడు. ఆవిడ సరేనని అనలేదు. ఆ సంగతి ఆయన గమనించాడు. గమనించి కూడా ఊరుకున్నాడు.

* * *

పన్నెండున్నరకి ఆసుపత్రిలో క్లిప్పుల డాక్టరు ఒక్కడే ఉన్నాడు. ముప్పై ఏళ్లుంటాయి. మెతక మనిషి. అప్పటికే రెండుసార్లు చేతులు కడుక్కున్నాడు.

నిదానం మాట్లాడకుండా గదంతా తిరిగాడు. రెండు కుర్చీల మధ్య భుజాల ఎత్తు చెక్క అడ్డం ఉంది. పెద్ద డాక్టరు కుర్చీ నుంచి పెరటి తలుపుకి పదకొండు అడుగులు. అటునుంచి వెళితే బయట కూర్చున్న రోగుల కంట పడక్కర్లేదు. అక్కడి నుంచి డాక్టరు ఇంటికి కారులో ఆరు నిమిషాలని నిన్ననే చూసుకున్నాడు. తర్వాత అపాయింట్‌మెంట్ల పుస్తకం తెరిచాడు. సోమవారం నాలుగింటికి క్లిప్పుల డాక్టరు దగ్గరికి రావాల్సిన అమ్మాయి పేరు కొట్టేసి, "మంగళవారం" అని రాసి ఉంది.

"ఈ రాత ఎవరిది డాక్టరుగారూ?"

"పెద్ద డాక్టరుగారిదండీ. ఆ రోజు నర్సు సెలవు. పొద్దున్నే ఆయనే మార్చారు."

"అంటే నాలుగు నుంచి మీకు పని లేదు."

క్లిప్పుల డాక్టరు మూడోసారి చేతులు కడుక్కోబోయాడు. నిదానం జేబులోంచి వదిన ఇచ్చిన రెండు పాత పళ్లు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి చెక్కు చెదరని పన్ను. రెండోదాంట్లో పసుపు పొర కనిపించేలా గుంట తొలిచి ఉంది.

"నాకు ఈ అతుకుల సంగతి తెలీదు. కాస్త చేసి చూపిస్తారా?"

తన పని గురించి అడిగితే సంతోషించని వాడుండడు. క్లిప్పుల డాక్టరు మొహం కాస్త తేటపడింది. మొదటి పన్ను మీద నీలం రంగు ఆసిడ్ పూసి, లోలోపల ముప్పై లెక్కపెట్టి, కడిగి గాలి కొట్టాడు. పన్ను సుద్దలా తెల్లబడింది. ఎంత ముచ్చటైన పనితనమో నిదానానికి కూడా తెలిసింది. తర్వాత రెండోది అందుకున్నాడు. గుంటలో ఆసిడ్ పూశాడు, పదిహేను లెక్కపెట్టాడు, కడిగాడు, గాలి కొట్టాడు. కొడుతూనే ఉన్నాడు.

"ఇంకా ఎంతసేపు కొట్టాలి?"

"సుద్దలా తెల్లబడేదాకా" అన్నాడు అలవాటుగా.

అప్పుడు చెయ్యి ఆగింది. చేతిలోని పన్ను వైపు వెర్రిచూపు చూశాడు. చదువుకున్నది ఇప్పుడు గుర్తొచ్చింది.

"ఇది... ఇలా ఎండకూడదు కదండీ."

"ఎండకూడదట. సోమవారం నాడు మీకది గుర్తు రాలేదు."

వీధి తలుపు ధడాలున తెరుచుకుంది. తలుపు తెరిచే తీరు చాలు, వచ్చింది ఇన్‌స్పెక్టర్ అని చెప్పడానికి.

"ఏమండీ నిదానంగారూ! నాలుగింటికి నాకు కోర్టు. మీరిక్కడ పళ్లతో గోలీలాడుతున్నారా?"

"మీ సాక్ష్యం చూస్తున్నాను. ఇదుగో, ఇదే."

"పన్ను ఊడితే నా కేసు ఊడుతుందా? పారిపోతుంటే నలుగురు చూశారు అతన్ని!"

"నాలుగూ నలభైకి చూశారు. చప్పుడు వినిపించింది ఇరవై అయిదుకి. చంపినవాడు పావుగంట అక్కడే కూర్చుని అప్పుడు పారిపోయాడా?"

"భయంతో కాళ్లు ఆడి ఉండవు. అయినా డాక్టరుకేం అవసరం, బంగారంలాంటి భార్యని చంపుకోడానికి?"

"వచ్చే మంగళవారం డాక్టరు మీద విచారణ ఉంది. రెండేళ్ల కిందట ఈ ఆసుపత్రిలో ఒక రోగి చనిపోతే డాక్టరు కాగితాలు మార్చి రాశాడు. అది చూసింది ఆవిడ ఒక్కతే. చెప్పేస్తానని తమ్ముడితో అంది."

"తమ్ముడు చెప్పిన మాట! అదీ ఒక సాక్ష్యమే!"

"సరే, తమ్ముణ్ణి వదిలెయ్యండి. సోమవారం ఈ డాక్టరుగారిని మీరేం అడిగారు?"

ఇన్‌స్పెక్టర్ క్లిప్పుల డాక్టరు వైపు అప్పుడే కొత్తగా చూసినట్టు చూశాడు. "ఈయన్నా? ఈయన్నెందుకు అడుగుతాను? హెడ్‌మిస్ట్రెస్ అంతటావిడ చెప్పాక!"

"నన్నెవరూ అడగలేదండీ" అన్నాడు క్లిప్పుల డాక్టరు. కళ్లనిండా నీళ్లున్నాయి. "నాలుగూ పదికి ఆయన నన్ను పిలిచారు. ఇంట్లో నీళ్ల పైపు పగిలింది, గుంట తయారుగా ఉంది, నువ్వు కట్టెయ్, ఆవిడతో మాత్రం మాట్లాడకు, గొంతు మారితే కంగారు పడుతుంది అన్నారు. నాలుగూ నలభై అయిదుకి వచ్చారు. నేను పక్కకి తప్పుకున్నాను. రబ్బరు గుడ్డ తీసి ఆయనే మాట్లాడారు."

"ఇన్నాళ్లూ నోరెందుకు మెదపలేదు?"

"బావమరిది చంపాడని అందరూ అంటుంటే నిజమే అనుకున్నానండీ. అనుకోవాలనుకున్నాను. నాకు ఉద్యోగం ఇచ్చింది ఆయన."

నిదానానికి గుండెల మీంచి బరువు దిగినట్టయింది. వీణ్ణి తిట్టాలో, ఓదార్చాలో తేలలేదు. అప్పుడు ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు. గెలిచినప్పుడు ఎదుటివాడి మొహం చూడాలనే చాపల్యం ఆయనకీ ఉంది. కానీ ఆ మొహంలో ఓడిపోయిన కోపం లేదు. నెత్తురు చుక్క లేదు.

"ఏమైంది?"

"హెడ్‌మిస్ట్రెస్ నాకు ఫోన్ చేసింది" అన్నాడు ఇన్‌స్పెక్టర్ మెల్లగా. "ఇందాక, పన్నెండింటికి. సాక్ష్యం దిద్దుకోవాలంది. పన్ను కట్టింది వేరేవాళ్లంది. ఇదంతా మీరెక్కించిందేనని నాకు ఒళ్లు మండింది. డాక్టరుకి ఫోన్ చేసి, ఆవిడ ఇలా అంటోంది, మీరే కాస్త నచ్చజెప్పండి అన్నాను."

"ఆయనేమన్నాడు?"

"ఎంతో మర్యాదగా మాట్లాడాడండీ. తన పని ఊడిందంటే తనకే సిగ్గుచేటట. ఇంట్లో పళ్లు కట్టే పాత కుర్చీ ఉంది, కారు పంపించి ఆవిణ్ణి పిలిపిస్తాను, నా చేత్తో మళ్లీ కడతాను అన్నాడు."

నిదానం టైము చూశాడు. ఒంటి గంట దాటి అయిదు నిమిషాలు. ఆ పన్ను మీద డ్రిల్లు పెట్టడానికి నిమిషం చాలు. కానీ ఇప్పుడు ఆయనకి పన్ను గుర్తుకు రాలేదు. కారులోంచి దిగుతూ సరేనని అనని ఆ మొహం గుర్తొచ్చింది. తనకి తెలుసు. తెలిసే ఆవిణ్ణి ఒంటరిగా వదిలి వచ్చాడు. తనని తాను చెంప పగలగొట్టుకోవాలనిపించింది.

హెడ్‌మిస్ట్రెస్ నంబరు నొక్కాడు. నాలుగుసార్లు మోగాక ఆవిడే తీసింది. గొంతు ఎప్పటిలాగే ఉంది.

"చెప్పు నాయనా. ఇప్పుడే కుర్చీలో కూర్చున్నాను."

"మేడమ్, నా మాట వినండి. వెంటనే లేచి బయటికి వచ్చెయ్యండి."

"వచ్చిన పని కాకుండానా? రేపు నేను సాక్ష్యం దిద్దుకుంటే, ఆయన్ని ఒక్క మాట అడక్కుండా దిద్దుకున్నాననరూ? అందుకే ఎదురుగా అడిగేశాను. నా పన్ను కట్టింది మీరా, ఆ క్లిప్పుల అబ్బాయా అని."

ఇన్‌స్పెక్టర్ అప్పటికే జీపు వైపు పరుగెత్తుతున్నాడు.

"ఆయనేమన్నారు మేడమ్?"

"ఏమీ అనలేదు" అంది ఆవిడ. "వీధి తలుపు గడియ పెట్టి వస్తానని వెళ్లారు."